మెదడులోని యిచ్చిపుచ్చుకోళ్లు

వివాహములందు వధూవరులకు అరుంధతిని జూపు పురోహితుడు మొట్టమొదట నా చిన్న నక్షత్రమునే చూపడు. సప్తర్షులలో కాంతిమంతుడగు వసిష్ఠుని ముందు చూపి, దృష్టి యచ్చట నిలిచిన పిదప, ఆ ప్రక్కనున్నదే అరుంధతి యని చెప్పును. స్పష్టముగా గనబడు వస్తువు నాధారముగా జేసికొని, కనబడీ కనబడని వస్తువును తెలియజేయు నీ పద్ధతిని మన శాస్త్రకారులు అరుంధతీ న్యాయమనిరి. జీవించియున్న మనుష్యుని మెదడులో ఏ రసాయనద్రవ్యము ఎంత యున్నది, అది తన చుట్టునున్న నీటితో ఎంత వేగముగా ఇచ్చిపుచ్చుకొనుచున్నది యను సంగతిని, కత్తితో కోయక, సూదితో గ్రుచ్చక కొలుచుటకు ఇప్పటి శాస్త్రజ్ఞులు కనుగొనిన యుపాయము సరిగా నిట్టిదే. ఇందు వసిష్ఠుని స్థానము నీటిది. అరుంధతి స్థానము ఆ సూక్ష్మద్రవ్యములది.

ఈ శాస్త్రము మన కెందుకని కొందఱు సోదరీమణులు తలపవచ్చును. ఇంటిలో బిడ్డకు మూర్ఛ వచ్చిన నొడిలో బెట్టుకొనునది తల్లి. మామగారికి పక్షవాతము వచ్చిన వేళకు మందిచ్చునది కోడలు. అత్తగారికి మతి తప్పిన, ఆమె వెంట వీథిలోనికి పరుగెత్తునది ఇంటి యాడుదియే. మెదడు జబ్బుల భారమును మోయువారికి మెదడును గూర్చి తెలిసికొను నధికారము లేదా? తెలియనిచోట భయము ప్రవేశించును; భయమున్నచోటికి భూతవైద్యుడు తనంతట దానే వచ్చును.

రూపము చెప్పనిది

ఎం.ఆర్.ఐ. పరీక్ష యను మాట నేడు పట్టణములందే కాక పల్లెలందును వినబడుచున్నది. రోగిని బల్లపై పరుండబెట్టి, పెద్ద గొట్టమువంటి అయస్కాంతములోనికి జొనిపి, లోపలి యవయవముల చిత్రములు తీయుదురు. ఇందు ఎక్సురే కిరణములు లేవు. దీని మూలసూత్రమును అమెరికాలో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ అనువారు వేర్వేఱుగా 1946లో ప్రయోగపూర్వకముగా జూపిరి. అందులకు వారికి 1952లో నోబెల్ బహుమానము లభించెను. ఆ సూత్రముతో చిత్రము తీయు విధమును పాల్ లాటర్బర్ 1973లో ప్రకటించెను. ఆయనకును, ఇంగ్లండునందలి పీటర్ మాన్స్ఫీల్డునకును 2003లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఆ చిత్రము దేనివలన వచ్చునో గ్రహించిన, తరువాతి కథ సులభమగును. మెదడులో అయిదింట నాలుగు పాళ్లు నీరే. నీటిలో హైడ్రోజను, అనగా మన పెద్దలు ఉదజని యని పిలిచిన మూలద్రవ్యము, కలదు. బలమగు అయస్కాంతము నడుమ నుంచినపుడు ప్రతి యుదజని కేంద్రకమును ఒక నిర్ణీతమగు శ్రుతిని వహించును. ఆ శ్రుతికి సరిపడు రేడియో తరంగమును ప్రసరింపజేసిన అది స్పందించి, తిరిగి మెల్లని పలుకు పలుకును. వీణలో ఒక తీగెను మీటిన, దానితో శ్రుతి కలిసిన వేఱొక తీగె తనంతట మ్రోగుట మనమెఱిగినదే కదా. యంత్రము ఆ పలుకును విని చిత్రమును కట్టును.

అయిన నిట్లు వినబడునది విశేషముగా నీటి పలుకే. కావున సామాన్యమగు ఎం.ఆర్.ఐ. చిత్రము మెదడు రూపమును చక్కగా జూపును. గడ్డ యున్నదా, రక్తము చిమ్మినదా, ఒక భాగము ముడుచుకొనినదా యని తెలుపును. రూపము చెడకమున్నే లోపలి రసాయనవ్యవహారము చెడవచ్చును. ఇంటి గోడలు నిక్కముగా నిలిచియున్నను, లోపల పొయ్యి రాజుకొన్నదో లేదో బయటినుండి చూచువానికి తెలియునా?

మెదడులోని ద్రవ్యములలో గ్లుటమేటు మిక్కిలి ముఖ్యమైనది. ఒక నాడీకణము మఱియొకదానిని మేలుకొలుపుటకు దీనినే దూతగా పంపును. వంటింటి స్త్రీలకు ఇది కొత్తదికాదు. జపాను శాస్త్రజ్ఞుడు కికునాయె ఇకెడా 1908లో సముద్రపు నాచునుండి తీసిన రుచిద్రవ్యము గ్లుటమేటే. అజినోమోటో యను పేర అంగళ్లలో నమ్మునది దాని లవణమే. పండిన రామములక్కాయ రుచిలోను దీని పాలు గలదు. అయితే రక్తమునకును మెదడునకును నడుమ ప్రకృతి యొక కట్టుదిట్టమగు ప్రాకారమును గట్టియుంచినది. తిన్న గ్లుటమేటు దానిని దాటి స్వేచ్ఛగా లోనికి పోజాలదు; మెదడు తనకు వలయునది తానే తయారుచేసికొనును. తగుమాత్ర మున్నంతకాలము ఈ దూత వలన జ్ఞాపకము, అభ్యాసము జరుగును. కణముల వెలుపల మితిమీరిన నాడీకణములు అదుపు తప్పి రేగును. మూర్ఛవ్యాధిలో దీని ప్రమేయ మున్నది.

కాని దీనిని చూచుట యెట్లు? మెదడు ద్రవముతో పోల్చిన గ్లుటమేటు మిక్కిలి స్వల్పము. లెక్కవేసిన, నీటి యుదజనులు సుమారు మూడువేలున్నచోట, మనకు పనికివచ్చు గ్లుటమేటు ఉదజని యొక్కటి మాత్రముండును. మూడువేలమంది కేకలలో ఒక్కరి గుసగుస వినుట వంటి పని యిది.

పేరంటపు లెక్క

ఇచ్చటనే ఇచ్చిపుచ్చుకొనుట అక్కఱకు వచ్చును. గ్లుటమేటులో నత్రజని నంటిపెట్టుకొని మూడు ఉదజనులున్నవి. అవి స్థిరముగా నుండవు. క్షణక్షణము విడిపోయి నీటిలో గలియును. వాని చోటికి నీటి యుదజనులు వచ్చి చేరును. గ్లుటమేటు విషయమున ఈ రాకపోకలు సెకనునకు కొన్నివేల పర్యాయములు జరుగును. క్రియేటిను విషయమున సుమారు వేయి. మాంసకృత్తులలోని కొన్ని బంధములయందు సుమారు ముప్పది మాత్రమే. ఒక్కొక్క ద్రవ్యమునకు ఒక్కొక్క నడక.

దీనిని మన యిండ్ల వ్యవహారముతో పోల్చి చెప్పెదను. గొప్ప యుత్సవమునాడు ఒక విశాలమగు వీథి నిండ తొమ్మిదివేల మంది స్త్రీలు తిరుగుచున్నారనుకొనుడు. ఆ వీథిలో నొక చిన్న యిల్లు. అందు ముగ్గురికే చోటు. లోనికి వచ్చిన వారి పాదములకు పసుపు పూయుటకు ఇరువురు బాలికలు గిన్నెలతో కూర్చుండిరి. పసుపు పూయించుకొనిన పేరంటాలు వెంటనే వెలికి వచ్చును. వేఱొకామె లోనికి పోవును. మీరు దూరముగా ఒక మేడమీద నిలిచి చూచుచున్నారు. ఆ చిన్న యిల్లు మీకు కనబడదు, వీథి కనబడును. కొంతసేపటికి వీథిలో వందలకొలది పసుపు పాదములు కనబడెను. అప్పుడు మీరేమందురు? ఈ వీథిలో నెచ్చటనో పేరంటము జరుగుచున్నదని నిశ్చయింతురు. ఎందఱి పాదములకు పసుపున్నదో లెక్కించి, ఆ పేరంటము ఎంత చుఱుకుగా సాగుచున్నదో కూడ చెప్పగలరు.

శాస్త్రజ్ఞులు చేయునదియు నింతే. గ్లుటమేటు ఉదజనుల శ్రుతి నీటి శ్రుతికంటె కొంచెము వేఱు. 7 టెస్లాల బలముగల అయస్కాంతమున నీటి శ్రుతి సెకనునకు సుమారు 30 కోట్ల కంపనములైన, గ్లుటమేటు శ్రుతి దానికంటె సుమారు 900 మాత్రమే యెక్కువ. సరిగా ఆ శ్రుతిగల రేడియో తరంగమును కొద్దిసేపు ప్రసరింపజేసి, గ్లుటమేటు ఉదజనుల పలుకును అణచివేయుదురు. ఇదియే పసుపు పూయుట. పలుకు అణగిన ఉదజనులు నీటిలోనికి పోవును. పలుకుగలవి వాని చోటికి వచ్చి, అవియు నణగును. ఇట్లు వేలకొలది పర్యాయములు జరుగగా, కడపట నీటి పలుకే నూటికి కొన్ని పాళ్లు తగ్గును. నీటి పలుకు మహత్తరమైనది గనుక ఆ తగ్గుదలను యంత్రము సులభముగా గనిపెట్టును. వినరాని గుసగుస ఈ విధముగా పెద్ద కేకలోని లోటుగా వినబడును. నీటి శ్రుతికి రెండవ ప్రక్క అంతే దూరమున మఱల ఒకసారి కొలిచి, రెంటికి గల భేదమును గ్రహింతురు. తరంగము నేరుగా నీటికి తగులుటవలన గలుగు తప్పు చాలవఱకు తొలగును.

ఈ భావమునకు పునాది 1963లోనే పడెను. స్టూరే ఫోర్సేన్, రాగ్నర్ హాఫ్మన్ అనువారు ఒకచోట అణచిన పలుకు రసాయనవినిమయము ద్వారా వేఱొకచోటికి సంక్రమించుటను కొలిచి చూపిరి. అమెరికాలోని జాతీయ ఆరోగ్యసంస్థలలో పనిచేసిన రాబర్ట్ బాలబన్, ఆయన సహచరులు దీనిని చిత్రములు తీయుటకు అనువగు సాధనముగా జేసి, 2000 సంవత్సరమున పేరిడి ప్రకటించిరి. దాని యింగ్లీషు పేరు అక్షరములను గూర్చి 'సెస్ట్' అని పిలుచుచున్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందలి రవీందర్ రెడ్డిగారి బృందము, ఈ విధమున మెదడులోని గ్లుటమేటును చిత్రింపవచ్చునని 2012లో వెల్లడించెను.

పొగయా, మంచా?

ధూమమును జూచి వహ్ని నూహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. దూరమునుండి చూచువాడు మంచును జూచి పొగయని భ్రమింపరాదనునది రెండవ పాఠము. ఈ కొలతలోను నట్టి భ్రమలకు తావున్నది.

వీథిలో పసుపు పాదములు ఎక్కువగా గనబడుటకు రెండు కారణము లుండవచ్చును. పేరంటపుటిండ్లు ఎక్కువగా నుండవచ్చును. లేదా ఇండ్లు కొన్నియేయైనను రాకపోకల వేగ మధికము కావచ్చును. అనగా ద్రవ్యము హెచ్చినదో, వినిమయవేగము మాఱినదో ఒక్క కొలతతో తేలదు. ఇంతేకాదు; రాకపోకలు మఱీ వేగముగా జరిగిన, పసుపు పూయుటకు ముందే పేరంటాలు బయటికి పోవును. పాదముల పసుపు దుమ్ములో నడువగా నడువగా చెఱిగిపోవునట్లు, అణగిన పలుకు కూడ కొంతసేపటికి తిరిగి మేలుకొనును. ఇవన్నియు లెక్కలోనికి రావలయును.

వేగమును విడదీయుటకు వారొక యుక్తి పన్నిరి. పసుపు పూయు బాలికలను ఇద్దఱిని, పిమ్మట నలుగురిని, తరువాత ఎనమండ్రను కూర్చుండబెట్టి మఱల మఱల లెక్కింతురు. అనగా రేడియో తరంగపు బలమును మార్చి మార్చి కొలుతురు. మందగమనలైన పేరంటాండ్రకు ఇద్దఱు బాలికలే చాలుదురు. మఱికొందఱిని చేర్చినను లెక్క పెరుగదు. త్వరగా వచ్చిపోవువారున్నచోట బాలికలు పెరిగినకొలది లెక్కయు పెరుగును. ఆ పెరుగుదల తీరును బట్టి రాకపోకల వేగమును గణింతురు. కాని తరంగపు బలమును ఇచ్చవచ్చినంత పెంచరాదు, శరీరము వేడెక్కును. అందులకు నియమిత పరిమితులున్నవి.

ఇంకొక జాగ్రత్త. ఆ వీథిలో ఇతరుల యిండ్లలోను పేరంటములు జరుగవచ్చును. గ్లుటమేటు శ్రుతికి దాపున మాంసకృత్తులు, క్రియేటిను మొదలగు వాని శ్రుతులు గలవు. వాని పాలు కొంత కలిసియే వచ్చును. మఱియు నిట్లు కనబడునది మెదడు కణములలో నిలువయున్న గ్లుటమేటు అంతయు. ఆ క్షణమున కణముల నడుమ దూతగా పరుగెత్తునది మాత్రమే కాదు. కావున వచ్చిన రంగుల చిత్రమును జూచి ఇదియే గ్లుటమేటు అని వేలు పెట్టి చూపరాదు. ప్రధానముగా దానివలన గలిగిన సూచన యనవలయును.

దోషమనుకొనినదే యొకప్పుడు గుణమగును. శరీరము ఆమ్లగుణమును పొందినపుడు మాంసకృత్తుల ఉదజనుల రాకపోకలు మందగించును. రక్తనాళము పూడిపోయి మెదడులో నొక భాగమునకు ప్రాణవాయువు అందనిచో ఆ భాగము పుల్లబడును, మన పెరుగు పులిసినట్లు. రెంటికిని కారణము ఒకే యామ్లము, లాక్టికామ్లము. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జిన్యువాన్ జౌ, పీటర్ వాన్ జైల్ ప్రభృతులు ఎలుకల మెదడులో ఈ మార్పును రాకపోకల వేగమును బట్టి కనిపెట్టి 2003లో ప్రకటించిరి. పక్షవాతము వచ్చిన వెంటనే మెదడులో ఏ భాగము చచ్చినది, ఏ భాగము ఆకలితో నలమటించుచు ఇంకను రక్షింపదగియున్నది యని యెఱుగుట వైద్యునకు ముఖ్యము. ఆ యెఱుకకు ఇదియొక దారి.

ఇదే బృందము 2011లో ఎలుకలయందు వేఱొక సంగతి చూపెను. మెదడు గడ్డకు కిరణచికిత్స చేసిన కొన్ని నెలలకు చిత్రములో మఱల వాపువంటిది కనబడును. అది గడ్డ తిరిగి పెరుగుటయా, కిరణముల వలన మాడిన మాంసమా యని సామాన్యచిత్రము తరచు తేల్చజాలదు. మాంసకృత్తుల వినిమయమును కొలిచినపుడు బ్రదికియున్న గడ్డ మెఱసెను. మాడిన భాగము మెఱయలేదు. ఆసుపత్రులలోని 3 టెస్లాల యంత్రములతో మనుష్యుల మెదడు గడ్డల విషయమున దీని నుపయోగించుటకు కృషి సాగుచున్నది. ఆ రోగి యింటివారి రాత్రులు ఎట్లు గడచునో తలచిన, ఈ చిన్న భేదము విలువ తెలియగలదు.

భీమవరపు బిడ్డ వేసిన బాట

ఈ కథలో మన తెలుగువానికి గొప్ప పాలున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో అమెరికాకేగి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో గూడి పనిచేసెను. రక్తమునందును మాంసమునందును గల భాస్వరమును నీలవర్ణము పుట్టించి కొలుచు విధమును వారిరువురు 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతి వైద్యవిద్యార్థులకు నేటికిని ఫిస్కే–సుబ్బారావు పేరిటనే పరిచితము.

కండరపు సారమును ఈ విధమున పరీక్షించునపుడు నీలవర్ణము వెంటనే రాక, ఆలస్యముగా నెక్కుచుండెను. వేఱొకరైన నది పరీక్షలోని లోపమని త్రోసివేసెడివారేమో. ఆ యాలస్యమునకు కారణమేమని వెదకగా, ఆమ్లము తగిలిన మెల్లగా విడిపోవు నొక కొత్త పదార్థము బయటపడెను. అదియే ఫాస్ఫోక్రియేటిను. దానిని వారు 1927లో లోకమునకు తెలిపిరి. ఇంగ్లండులో ఫిలిప్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులును అదే సమయమున దానిని వేఱుగా గనుగొనిరి. ఇందొక గృహిణి పాలుండుట మనకు సంతోషకరము.

ఫాస్ఫోక్రియేటిను శరీరమున అత్యవసరమునకు దాచిన ధాన్యపు గాదె వంటిది. కణములు తమ పనికి ఏ.టీ.పీ. యను శక్తిద్రవ్యమును ఖర్చుచేయును. అది తగ్గినపుడు ఫాస్ఫోక్రియేటిను తన భాస్వరమునిచ్చి దానిని తిరిగి నింపును. విశ్రాంతివేళ తాను మఱల నిండును. ఈ వ్యవహారము కండరములలో వలెనే మెదడులోను నిరంతరము జరుగుచుండును. సుబ్బారావుగారి కాలమున దీనిని తెలిసికొనుటకు మాంసమును కోసి సారము తీయక తప్పకుండెను. ఇప్పుడు అయస్కాంతముతో నేరుగా భాస్వరపు శ్రుతిని విందురు. ఏ.టీ.పీ. చివరి భాస్వరపు పలుకు నణచి, ఫాస్ఫోక్రియేటిను పలుకు ఎంత తగ్గునో చూతురు. విశ్రాంతిగా నున్న మనుష్యుని మెదడులో, ఉన్న ఫాస్ఫోక్రియేటినులో సుమారు నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకు ప్రతి సెకనును ఈ మార్పిడిలో పాల్గొనునని యిట్టి కొలతలవలన తేలెను. మనము కన్నుమూసి పరుండినను మెదడింట గాదె తలుపు మూతపడదన్నమాట. కాలిపిక్కకు వ్యాయామము కల్పించి, విడివడిన క్రియేటిను పెరుగుటను, పిమ్మట నిమిషములలో తిరిగి సర్దుకొనుటను నీటి సాక్ష్యముతో చిత్రించుచున్నారు.

సుబ్బారావుగారు 1948లో పరలోకగతులైరి. ఆలస్యముగా వచ్చిన యొక నీలిరంగును ఉపేక్షింపని యాయన యోర్పునుండియే ఈ విద్య మొలకెత్తినదనుట యతిశయోక్తి. కాని వేగమును పట్టి వస్తువును గుర్తించుట యను కిటుకు మాత్రము రెంటికిని సమానము.

మూర్ఛ పాపఫలము కాదు

ఇక నన్నిటికంటె మన యిండ్లకు దగ్గఱగానున్న విషయమునకు వత్తును. మందులకు లొంగని మూర్ఛవ్యాధిలో, మెదడునందు మూర్ఛ పుట్టుచోటును గుర్తించి శస్త్రచికిత్సతో దొలగించు పద్ధతి గలదు. కాని కొందఱి సామాన్య ఎం.ఆర్.ఐ. చిత్రములో నేమియు గనబడదు. కుడివైపా, యెడమవైపా యనుటయే తేలకున్న వైద్యుడు కత్తి నెట్లు పట్టును? 2015లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు అట్టి రోగులను నలుగురిని 7 టెస్లాల యంత్రముతో పరీక్షించి, గ్లుటమేటు చిత్రమును దీసిరి. కణతల లోపల జ్ఞాపకమునకు స్థానమగు హిప్పోకాంపస్ అను భాగము ఒకవైపున ఎక్కువగా మెఱసెను. నలుగురిలోను మెఱసిన ప్రక్కయే మూర్ఛ పుట్టు ప్రక్క యని యితర పరీక్షలతో సరిపోయెను. నలుగురు మాత్రమే, ఇంతమాత్రమున శాసనము వ్రాయరాదు. అయినను ఏమియు లేదనిన చోట నేదో యున్నదని చూపుట సామాన్యము కాదు.

మూర్ఛ వచ్చు నాడుబిడ్డ నోట తరచుగా వచ్చు ప్రశ్న యొకటి గలదు: "నాకేమియు జబ్బు లేదని పటములో వచ్చినదట, మఱి నేను కావలెనని పడుచున్నానా?" మావారు పనిచేయు బడిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఈ మాటయే నాతో ననినది. ఆమె పడిపోయినపుడు చుట్టుప్రక్కల వారు చేతిలో తాళపుచెవులు పెట్టిరి. పిమ్మట గాలి సోకినదనిరి. కడకు పటములో నేమియు లేదు గనుక నటన యనిరి. "పంతులమ్మగారూ, పెండ్లిచూపులవఱకు ఈ మాట బయట పొక్కనీయకుడు" అని ఆమె తల్లి నా చేతులు పట్టుకొనినది. రూపమున లోపము కనబడకున్నను లోపలి యిచ్చిపుచ్చుకొనుటలలో లోప ముండవచ్చునని ఆ బాలికకు చెప్పినపుడు ఆమె ముఖమున గలిగిన తెఱపిని నేను మఱవజాలను.

మన చట్టమే కొంతకాలము ఈ వ్యాధిగ్రస్తులకు విరోధముగా నుండెను. హిందూ వివాహచట్టమునకు 1976లో జరిగిన సవరణ వలన, మాటిమాటికి మూర్ఛ వచ్చుట వివాహమునకు అడ్డంకిగా చేర్పబడెను. 1999లో ఆ మాటను దొలగించిరి. కాగితముపై తొలగినది మనస్సులనుండి తొలగుట మన చేతిలోనున్నది. దాచిపెట్టి పెండ్లి చేసిన, కొత్తయింట నా బాలిక రహస్యముగా మందు మింగవలసివచ్చును, లేదా మానివేయవలసివచ్చును. మందు మానిన మూర్ఛ తిరుగబెట్టును. ప్రాణభయము గూడ గలదు.

గృహిణులు చేయదగినది

ఇది చదివి, మా బిడ్డకు గ్లుటమేటు పరీక్ష చేయింతుమని ఎవరును నగలు తాకట్టు పెట్టవలదు. ఈ కొలత పరిశోధనాలయములదే గాని సామాన్యచికిత్సలో భాగము కాదు. దానికి మేలైన 7 టెస్లాల యంత్రము భూమి సహజాకర్షణకంటె లక్షరెట్లకు మించిన బలముగలది. అట్టివి లోకమున కొద్దిగానే యున్నవి. అమెరికాలో దానిని రోగుల పరీక్షకు వాడుటకు 2017లోనే యనుమతి లభించినది. మూర్ఛలో పెక్కింటికి సామాన్యమగు మందులే చాలును, వేళ తప్పక వాడిన.

మామూలు ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవువారు పిన్నీసులు, జడసూదులు, గాజులు, మట్టెలు, మంగళసూత్రము సహితము తీసి ఇంట నుంచవలయును. బంగారమును అయస్కాంతము లాగదు గాని, లోహము చిత్రమును చెఱచును, కొన్నియెడల వేడెక్కును. ఇనుము కలిసిన వస్తువైన ఎగిరిపోయి గాయపఱచును. క్షణకాలము సూత్రము తీసిన దోషము లేదు. పసుపుత్రాడు కట్టుకొని పోవచ్చును. గుండెకు యంత్రము అమర్చుకొనినవారు, శరీరమున లోహపు ముక్కలున్నవారు, గర్భవతులు ఆ సంగతి ముందుగా చెప్పవలయును. లోపల పెద్ద చప్పుడగును, భయపడవలదు.

మూర్ఛ వచ్చినపుడు రోగిని మెల్లగా ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలయును. తలక్రింద మెత్తని గుడ్డ నుంచవలయును. నోటిలో చెంచా గాని, నీరు గాని, మఱియేదియు గాని పెట్టరాదు. కాలుసేతులను బలవంతముగా పట్టరాదు. చేతిలోని తాళపుచెవి ఏ మేలును చేయదు. 5 నిమిషములు గడచినను తగ్గకున్న, లేదా తెలివి రాకమున్నే మఱల వచ్చిన, వెంటనే ఆసుపత్రికి గొనిపోవలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది యొక చిన్న పుస్తకము. మూర్ఛ ఏ తేదీన, ఏ వేళ వచ్చినది, ఎన్ని నిమిషములున్నది, మొదట నే చేయి కొట్టుకొన్నది, కన్నులు ఏ ప్రక్కకు తిరిగినవి, దానికి ముందు బిడ్డ యేమనినది, ఆనాడు మందు తప్పినదా, నిద్ర తప్పినదా యని వ్రాసియుంచుడు. వీలున్న చేతిఫోనులో చిత్రము పట్టియుంచుడు. కుడిచేయి మొదట కొట్టుకొనిన మెదడులో సాధారణముగా నెడమభాగమును, ఎడమచేయి కొట్టుకొనిన కుడిభాగమును వైద్యుడు శంకించును. కోట్ల విలువచేయు యంత్రము ఏ ప్రక్క యను ప్రశ్నకు బదులు వెదకుచున్నదో, ఆ ప్రశ్నకే తల్లి చేతివ్రాత తొలి సాక్ష్యము కాగలదు. ఆమె ఆ వేళ ఏడ్చుచు కన్నులు మూసికొనక, గడియారమును, బిడ్డ చేతులను చూడగలిగిన చాలును.